పుంజుగారి చలికాలం

భయపడటంలో దాలమ్మతో పోటీ పడగల మనిషి పనసమెట్ట మొత్తం మీద మరొకరు ఆ కాలనీలో లేరు. కూతురు ఝాన్సీ కాలేజీ నుంచి రావడం ఆలస్యమైతే బస్సు ఘాట్ రోడ్డు మలుపులో లోయలోకి పోయిందని నిశ్చయించుకునేది. బస్సు వేళకే వస్తే, ఇంత తొందరగా వచ్చిందంటే బ్రేకులు పోయుంటాయని నిశ్చయించుకునేది. అయిదో తరగతితో చదువు ఆగిపోయినా పేపర్లో ప్రమాద వార్తలు మాత్రం అక్షరం విడవకుండా చదివేది. మొగుడు సన్నిబాబు ఆటో తీస్తుంటే రోజూ గుమ్మంలో నిలబడి, "ఎదర సూసుకో, ఎనకాల సూసుకో, పక్కలు సూసుకో" అనేది.

"అన్ని పక్కలా నేను సూసుకుంటే ఇంక రోడ్డు ఎవుడు సూస్తాడే?" అనేవాడు సన్నిబాబు.

అలాంటి మనిషికి వానాకాలంలో నిజమైన భయమే వచ్చిపడింది. ఝాన్సీకి జ్వరం పట్టుకుని వదల్లేదు. డాక్టరు మందులిచ్చాడు. దాలమ్మ మందులు మింగించింది. మింగించి, అవి చాలవేమోనని కొండమీది మెట్టమ్మ తల్లి వైపు తిరిగి దండం పెట్టింది. "తల్లీ, నా గుంటని నిలబెట్టు. పుష్యమాసంలో నీ సంబరానికి మా డేగ పుంజుని తెచ్చి నీ గుమ్మంలో అప్పజెప్పుకుంటాను" అని మనసులోనే మొక్కుకుంది. జ్వరం దిగింది. మందుకి దిగిందో మొక్కుకి దిగిందో తేల్చే సాహసం దాలమ్మ చెయ్యలేదు.

పనసమెట్టలో మొక్కుకి ఒక కట్టుబాటుంది. మొక్కిన కోడి ఏదో, ఎవరికోసమో, అది అమ్మవారి గుమ్మం తొక్కేదాకా నోటితో పైకి అనకూడదు. అంటే మొక్కు చెడిపోతుంది. చెడిన మొక్కు ఎవరి పేరున మొక్కారో వాళ్ళనే చుట్టుకుంటుంది. అంచేత దాలమ్మ ఆ సంగతి మొగుడికి కూడా సైగలతోనే చెప్పింది. కూతురికి పెళ్ళి సంబంధం వచ్చిందని ఒకసారి, ఆటో అమ్మెయ్యమంటోందని ఒకసారి పొరబడి, చివరికి సన్నిబాబు పుంజు దగ్గరికి చేరుకున్నాడు.

మొక్కిన పుంజుని కసరకూడదు, తరమకూడదు. ముందు దానికి పెట్టాకే మిగతా కోళ్ళకి గింజలు చల్లాలి. ఈ మర్యాదలన్నీ అందుకుని పుంజు నిప్పు రంగులో నిగనిగలాడుతూ, పెరట్లో ఎమ్మెల్యే తాలూకు బావమరిదిలా తిరుగుతూండేది.

చలికాలం వచ్చింది. తెల్లారి లేచి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంటోంది. దాలమ్మ కోళ్ళ గూట్లో ఊక పరిచింది, తలుపుకి గోనెపట్టా కట్టింది, పుంజు జుట్టు గడ్డకట్టిపోతుందేమోనని కొబ్బరినూనె రాసింది. సరిగ్గా అప్పుడే కొండెక్కింది ప్రభుత్వం వారి వ్యాను.

వ్యాను మీద రెక్కలు చాపిన కోడి బొమ్మ. దాని కింద "వెచ్చని రెక్క: ఏ పెరటికోడీ వణకరాదు" అని రాసి ఉంది. దాంట్లోంచి కోటు మీద కోటు వేసుకుని, కోతిటోపీలోంచి ముక్కు మాత్రం బయటపెట్టిన ఒక మనిషి దిగి మైకు అందుకున్నాడు. ఆయన పేరు విశ్వంభరరావు, హోదా ప్రత్యేకాధికారి.

"ప్రజలారా! శీతాకాలమందు పెరటికోడి యొక్క మనోభావములను ఇంతవరకు ఏ శాఖా పరిగణనలోకి తీసుకొనలేదు. ఆ చారిత్రక లోపాన్ని సరిదిద్దు నిమిత్తం మేము వచ్చియున్నాము. మీ కోళ్ళకు చలి వేయుచున్నదా?"

కాలనీ వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"కోడికి సలేటి బాబూ? ఒళ్ళంతా ఈకలే కదేటి" అంది దాలమ్మకి ఆడపడుచు ఎర్నమ్మ. సన్నిబాబు అక్క ఆవిడ. పక్క వీధిలో ఉంటుంది, నలుగురిలో ముందు ఆవిడే మాట్లాడుతుంది.

విశ్వంభరరావు మొహం వాడిపోయింది. కొండలన్నీ తిరిగి వస్తున్నాడు, చలి వేస్తున్న కోడి ఒక్కటీ దొరకలేదు. పథకం మొదలై ఇన్నాళ్ళయినా లబ్ధిదారు లేదు. ఆయన మైకు దింపేలోగా వెనక నుంచి దాలమ్మ గొంతు వినిపించింది.

"ఎందుకు ఎయ్యదు వదినా? మా పుంజు పొద్దున్నే ఒంటికాలి మీద నిలబడిపోతన్నాది. ఒళ్ళంతా ఉబ్బిపోతన్నాది. ఆ రెండోకాలు పడిపోనాదేమోనని నాకు గుండె దడ!"

చలికి ఏ కోడైనా చేసే పనే అది. ఒక కాలు పొట్టలోకి ముడుచుకుంటుంది, ఈకలు పొంగిస్తుంది. కానీ విశ్వంభరరావు చెవికి ఆ మాటలు సన్నాయిలా వినిపించాయి.

"ఒంటికాలు! ఉబ్బు! అమ్మా, తమరి పేరు?"

అలా విశ్వంభరరావు, ఆయన వెనక సంతృప్తి పరిశీలకురాలు ప్రసూన, దాలమ్మ పెరట్లోకి నడిచారు. ప్రసూన పట్నం పిల్ల. కోడిని కూర రూపంలో తప్ప దగ్గరగా చూడటం అదే మొదలు. పుంజు ఒంటికాలి మీదే నిలబడి వాళ్ళని తేరిపార చూసింది.

"ఆహా, ఎంత నిర్లిప్తత! ఎంత విషాదం!" అన్నాడు విశ్వంభరరావు. పుంజు కాలికి తన చేత్తో ఒక పచ్చ కడియం తొడిగాడు. "నేటి నుంచి ఈ పక్షి వెచ్చని రెక్క పథకం కింద ప్రథమ లబ్ధిదారు. అమ్మా, తమరు దీని సంరక్షకురాలు. శీతాకాలం ముగియువరకు సదరు పక్షి మరణించరాదు, వండబడరాదు, కొండ దాటరాదు."

దాలమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. "సీతాకాలం ఎప్పుడు ముగుస్తాది బాబూ?"

"మేము ప్రకటించినప్పుడు."

"సంబరం..." అని నోరు తెరిచింది దాలమ్మ. మొక్కు నాలుక చివరిదాకా వచ్చింది. ఝాన్సీ అరుగు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. దాలమ్మ నాలుక కరుచుకుంది.

"ఏమిటమ్మా?"

"ఏటీ నేదు బాబూ. మరొక కోడిని సూసుకోకూడదేటి? ఆ నల్లపెట్ట మరీ వణికిపోతాది."

"తమ విశాల హృదయం మాకు అర్థమైంది" అని విశ్వంభరరావు నల్లపెట్టని కూడా చేర్చుకున్నాడు.

మర్నాడు ఊలు స్వెట్టర్ వచ్చింది. పుంజుకి తొడిగారు. పొంగాల్సిన ఈకలు స్వెట్టర్ కింద అణిగిపోయి, అంతవరకు హాయిగా ఉన్న పుంజుకి నిజంగానే వణుకు పుట్టింది. వణుకు చూసి దాలమ్మ "అయ్యయ్యో" అంది. ఆ అయ్యయ్యో వ్యానులో కొండ దిగి ఆఫీసుకి చేరి, రెండో స్వెట్టరై తిరిగొచ్చింది. రెండు స్వెట్టర్ల బరువుకి పుంజు నడవలేక కూర్చుండిపోయింది.

"లబ్ధిదారు విశ్రాంతి భంగిమలో ఉన్నది" అని ప్రసూన ఉత్సాహంగా నమోదు చేసింది.

అక్కణ్ణుంచి దాలమ్మ నోట్లోంచి ఏ భయం ఊడిపడితే అది ఉత్తర్వు అవడం మొదలైంది. తాగే నీళ్ళు చల్లగా ఉంటే గొంతు పట్టేస్తుందేమోనంది. మర్నాటి నుంచి పుంజుకి ఫ్లాస్కులో వేడినీళ్ళు వచ్చాయి. గూట్లో ఒక్కడూ బెంగపెట్టుకుంటాడేమోనంది. గూట్లో రేడియో పెట్టారు. రేడియోలో వ్యవసాయ వార్తలు వింటే భయపడతాడేమోనంది. వ్యవసాయ వార్తల వేళకి రేడియో కట్టెయ్యడానికి ఒక మనిషిని వేశారు. హీటరు పెట్టారు. నిప్పంటుకుంటుందేమోనంది. నీళ్ళ డ్రమ్ము వచ్చింది. డ్రమ్ములో పుంజు పడిపోతుందేమోనంది. డ్రమ్ముకి కంచె వచ్చింది.

"అమా, నువ్వు కాసేపు నోరు మూసుకుంటే ఖజానా మిగుల్తాది" అంది ఝాన్సీ.

"నాకేటి తెలుసే! నాకు భయమేస్తే నాను సెప్పుకోకూడదేటి?"

చెప్పుకోకూడని భయం ఒక్కటే ఉంది. అది లోపల పొంగుతున్న కొద్దీ, దాన్ని నొక్కిపెట్టడానికి దాలమ్మ మిగతా భయాలన్నీ ఇంకా గట్టిగా చెప్పుకుంటూ పోయింది.

కాలనీ వాళ్ళు మొదట నవ్వారు. ఫ్లాస్కు చూశాక నవ్వు మానేశారు. హీటరు చూశాక వాళ్ళ కోళ్ళకి కూడా చలి మొదలైంది. ఒకరు కోడిని ఎత్తుకుని వ్యాను ముందు గజగజా ఊపి, "సూడండి బాబూ, ఎలగ వణికిపోతన్నాదో!" అన్నారు. ఇంకొకరు తమ పెట్ట ఒంటికాలి మీద కూడా నిలబడలేకపోతోందని చెప్పి పడుకోబెట్టి తెచ్చారు. కోళ్ళకి చలేమిటని మొదటి రోజు వెక్కిరించిన ఎర్నమ్మే తన కోళ్ళకి మనోవ్యాధి కూడా ఉందని రాయించుకుంది. అందరి కోళ్ళ కాళ్ళకీ పచ్చ కడియాలు పడ్డాయి.

ఇంతలో పైనుంచి సమానత్వ సూత్రం దిగింది. విశ్వంభరరావు వీధిలో నిలబడి దాన్ని చదివాడు. "లబ్ధిదారు పక్షి అనుభవించు వెచ్చదనము, సంరక్షకుల కుటుంబము అనుభవించు వెచ్చదనము కంటే ఏ వేళనందును తక్కువగా ఉండరాదు."

"అంటే ఏటి బాబూ?" అన్నాడు సన్నిబాబు.

"మీ ఇంటిలో వెచ్చదనాన్ని, గూటిలో వెచ్చదనాన్ని కొలవవలెను. గూటిలో తక్కువైనచో రెండు మార్గములు గలవు. గూటిని పెంచుట, లేదా మిమ్మల్ని తగ్గించుట. గూటిని పెంచుటకు నిధులు లేవు."

ప్రసూన వచ్చి ఇంటినీ గూటినీ కొలిచింది. ఇల్లే వెచ్చగా ఉంది. ముందు దుప్పట్లు తీసుకెళ్ళి పుంజుకి పరిచారు. మళ్ళీ కొలిచారు, ఇల్లే వెచ్చగా ఉంది. కిటికీ తలుపులు పీకారు. అప్పటికీ ఇల్లు ఓ చుక్క వెచ్చగానే ఉంది. మనుషులు ఊపిరి పీల్చి వదులుతుండటమే దానికి కారణమని తేలింది.

"తమరు అంతగా ఊపిరి విడువవలసిన అవసరం ఏమున్నది?" అని విశ్వంభరరావు సన్నిబాబుని మందలించాడు.

చివరికి అందరికీ సులువైన పద్ధతి ఆయనకే తట్టింది. పుంజు ఇంట్లోకి వచ్చింది, కుటుంబం గూడున్న కోళ్ళ సాలలోకి వెళ్ళింది. కొలతలు వెంటనే సరిపోయాయి. మంచం మీద, రెండు దుప్పట్ల నడుమ, రేడియో వింటూ పుంజు ఉంటే, ఊక మీద నడుం వాల్చి సన్నిబాబు, "ఇంతకంటే నాకూ ఓ కడియం తొడిగీండి బాబూ. నాను కూడా కూస్తాను" అన్నాడు.

"మానవ లబ్ధిదారులకు ఈ పథకము వర్తించదు" అంది ప్రసూన జాలిగా.

అమ్మవారి సంబరం దగ్గరపడింది. కొండమీద డప్పులు సవరించే చప్పుడు దిగువకి వినిపిస్తోంది. డప్పు మీద దెబ్బ పడ్డప్పుడల్లా దాలమ్మ ఝాన్సీ నుదురు పట్టుకుని చూస్తోంది.

"అమా, చదువుకుంటున్నాను. చెయ్యి తియ్యి."

"ఏడిగా ఉన్నాదేమోనే."

"నీ చెయ్యే చల్లగా ఉంది. మనం సాలలో ఉంటున్నాం, మర్చిపోయావేటి?"

ఇక లాభం లేదనుకుంది దాలమ్మ. పుంజు అసంతృప్తిగా ఉన్నట్టు తేలితే పథకంలోంచి పేరు తీసేస్తారు కదా అని ఆమె లెక్క. ఒకరోజు తెల్లారగట్ల, ప్రసూన వచ్చే వేళకి, మెట్టమ్మ తల్లికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, పుంజుకి రెండు స్వెట్టర్లూ ఊడదీసి మంచు పట్టిన గడ్డి మీదకి వదిలేసింది. "వణుకు బాబూ. ఈ ఒక్కసారికీ వణికి పుణ్యం కట్టుకో" అని చేతులు జోడించింది.

ఇన్నాళ్ళ తరవాత ఒంటికి గాలి తగిలిన పుంజు ఒళ్ళంతా విదిల్చింది. ఈకలు గుప్పున పొంగాయి. నేల కాళ్ళతో గీరింది, ఒక పురుగుని పొడుచుకు తింది, కంచె కట్టిన డ్రమ్ము మీదకి ఎగిరి, మెడ సాచి కొండంతా మారుమోగేలా కూసింది. దిగి నల్లపెట్ట వెంట పడింది.

గేటు దగ్గర నిలబడ్డ ప్రసూన కళ్ళు చెమర్చాయి. "ఇంత సంతృప్తి నేను మనుషుల్లో కూడా చూడలేదండీ" అంది.

ఫలితం ఆ సాయంత్రమే వచ్చింది. విశ్వంభరరావు స్వయంగా పూలదండతో వచ్చాడు.

"అమ్మా, అభినందనలు! రాష్ట్రంలోకెల్లా అత్యంత సంతృప్త పక్షిగా మీ పుంజు ఎంపికైంది. రాజధానిలో ప్రదర్శన. పై మంగళవారం ఉదయమే వ్యాను వచ్చును. అనంతరం అది శాశ్వతంగా అక్కడి అద్దాల గదిలో నివసించును."

పై మంగళవారమే సంబరం.

దాలమ్మ గోడకి చేరబడిపోయింది. సరిగ్గా అప్పుడే సాలలో ఝాన్సీ దగ్గింది. ఊక నలుసు గొంతులోకి పోయి దగ్గిన దగ్గు అది. దాలమ్మకి మాత్రం అందులో మెట్టమ్మ తల్లి పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపించింది.

"ఏడుస్తున్నారా అమ్మా? ఆనందబాష్పాలు!" అని విశ్వంభరరావు దండ పుంజు మెడలో వేశాడు. పుంజు దండలోని బంతిపువ్వు ఒకటి తినేసింది.

ఆయన వెళ్ళాక సన్నిబాబు కోళ్ళ సాలలో పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. "పోనీ ఇలగని సెప్పీద్దాం. మొక్కున్నాదని సెప్తే మనుసులు కాదేటి, వొదిలీరేటి?"

దాలమ్మ అతని నోరు రెండు చేతులా మూసేసింది. వేళ్ళ సందుల్లోంచి అతను, "సర్లే, సర్లే, సెప్పను" అన్నాడు. ఆటో ఎక్కి అక్క ఇంటి వైపు పోయాడు. అక్కడేం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో, ఈ కథకి తెలియదు.

మంగళవారం వచ్చింది. వీధి పై కొస నుంచి పసుపు ఘటాలు, డప్పులు, వేపమండలతో సంబరం దిగుతోంది. కింది కొస నుంచి వ్యాను ఎక్కుతోంది. వ్యానులో పట్టు పరుపు మీద పుంజుని కూర్చోబెట్టారు. తలుపు వేశారు. దాలమ్మ ఝాన్సీ చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. ఆ చెయ్యి వదిలితే పిల్ల ఎగిరిపోతుందన్నట్టు పట్టుకుంది. అరవాలని ఉంది. అరిస్తే మొక్కు చెడుతుంది. అరవకపోతే మొక్కు వెళ్ళిపోతుంది. వ్యాను కదిలింది.

"ఓఓఓయ్!"

డప్పుల ముందు నడుస్తున్న ఎర్నమ్మ జుట్టు విరబోసుకుని ఒక్క గెంతు గెంతింది. ఏటా సంబరంలో అమ్మవారు ఆవిడ మీదకే వస్తుంది. ఈసారి మాత్రం గుడి దాకా ఆగలేదు. తిన్నగా వ్యాను ముందుకొచ్చి బానెట్ మీద రెండు చేతులూ వేసింది. బండి ఆగిపోయింది.

"నా పుంజేదిరా?"

విశ్వంభరరావు కోతిటోపీ సర్దుకుంటూ దిగాడు. "అమ్మా, తమరు ఏ శాఖ నుంచి?"

"మెట్టమ్మ తల్లి బాబూ" అన్నాడు సన్నిబాబు చేతులు కట్టుకుని.

"అనగా దేవాదాయమా?"

"నా పుంజేదిరా అంటే వంశం అడుగుతాడేటిరా! ఆ గుంటకి జొరమొచ్చినప్పుడు నాకు మొక్కిన పుంజు ఏదిరా?"

దాలమ్మ ఝాన్సీ చెయ్యి వదిలి దండం పెట్టింది. తను నోరు విప్పలేదు. తల్లే విప్పింది. మొక్కు చెడలేదు! ఝాన్సీ మాత్రం తండ్రి వైపు ఓరగా చూసింది. సన్నిబాబు ఆకాశం కేసి చూశాడు.

విశ్వంభరరావు గొంతు సవరించుకున్నాడు. "తల్లీ, తమరి యెడల మాకు అపారమైన గౌరవం ఉన్నది. అయితే సదరు పుంజు మా శాఖ సంరక్షణలో ఉన్నది. వేరొక శాఖకు బదలాయించుటకు పై అధికారుల అనుమతి కావలెను." ఆయన ఫోను తీశాడు. కొండ మీద సిగ్నల్ లేదు. ఫోను ఎత్తి ఒక పక్కకి, ఇంకో పక్కకి తిప్పాడు. వ్యాను బానెట్ మీదకెక్కి నిలబడ్డాడు. ఎర్నమ్మ వేపమండతో ఆయన మోకాళ్ళ మీద ఒక్కటి వేసింది. దిగాడు.

"సార్" అంది ప్రసూన మెల్లగా, "డెప్యుటేషన్ మీద పంపొచ్చు కదా? పోస్టు మన దగ్గరే ఉంటుంది. మనిషి, అదే, పుంజు, అక్కడ పనిచేస్తుంది. దానికి మీ సంతకం చాలు."

విశ్వంభరరావు మొహంలో దీపం వెలిగింది. "ఉత్తమం! తల్లీ, అమ్మవారి సేవకు డెప్యుటేషన్. అయితే రెండు ప్రశ్నలు. ఒకటి, తిరిగి ఎప్పుడు పంపెదరు?"

డప్పులు ఆగిపోయాయి. జనమంతా నేల చూపులు చూశారు.

ఎర్నమ్మ కళ్ళు గుండ్రంగా తిప్పింది. "నాకాడికొచ్చినోడు ఎప్పుడన్నా తిరిగొచ్చినాడేటిరా?"

"కాలపరిమితి లేనిది" అని రాసుకున్నాడు విశ్వంభరరావు. "రెండు, అక్కడ సదరు పక్షికి చలి వేయకుండా ఏ ఏర్పాట్లు గలవు?"

"ఒక్కసారి నాకాడికొస్తే మరింక ఎవుడికీ సలెయ్యదురా!"

ఆ మాట రాసుకుంటూ విశ్వంభరరావు కలం ఆగింది. మళ్ళీ చదువుకున్నాడు. "మరింక... ఎవరికీ... చలి వేయదు." ఏదో పెద్ద ఆలోచన వచ్చినవాడిలా కాసేపు కొండల కేసి చూసి, సంతకం పెట్టాడు.

దాలమ్మ పుంజుని గుండెకి హత్తుకుని గుడి మెట్లెక్కింది. గుమ్మంలో దించి, తొలిసారి గొంతెత్తి, "తల్లీ, నా ఝాన్సీ కోసం మొక్కిన మొక్కే ఇది!" అని నలుగురికీ వినబడేలా అరిచింది. ఇన్నాళ్ళు నొక్కిపెట్టిన మాట బయటికి రావడంతో ఒళ్ళు దూదిపింజలా తేలిపోయింది. మొక్కు చెల్లింది. కూతురి నుదురు పట్టుకుంటే చల్లగా ఉంది. "ఇంక నవ్వొచ్చు కదమ్మా" అంది ఝాన్సీ. దాలమ్మ నవ్వింది. నవ్వి, ఎక్కువ నవ్వితే ఏడవాల్సొస్తుందేమోనని చటుక్కున ఆపేసింది.

మధ్యాహ్నం అందరూ గుడి వెనక బంతి కట్టి కూర్చున్నారు. డెప్యుటేషన్ స్థలాన్ని తనిఖీ చెయ్యాలంటూ విశ్వంభరరావు కూడా కూర్చున్నాడు. కారం ఘాటుకి కోటు విప్పాడు, రెండో కోటు విప్పాడు, చివరికి కోతిటోపీ కూడా తీశాడు. ఆయనకి జుట్టు లేదని పనసమెట్టకి అప్పుడే తెలిసింది.

"ప్రసూనా, లబ్ధిదారు ప్రస్తుత చలి స్థాయి ఎంత?"

ప్రసూన విస్తట్లోకి చూసింది. "శూన్యం సార్."

"వణుకు?"

"శూన్యం."

"పథకం మొదలైన నాటి నుంచి చలి శూన్యమైన పక్షి ఇంకొకటి ఉన్నదా?"

"లేదు సార్."

విశ్వంభరరావు ఎముక జాగ్రత్తగా పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి వ్యాను మళ్ళీ వీధిలో ఉంది. ఈసారి వెనక పెద్ద పొయ్యి, గుండిగలు, మసాలా నూరే మనుషులు ఉన్నారు. మైకు మోగింది.

"ప్రజలారా! పెరటికోళ్ళ చలి సమస్యకు శాశ్వత పరిష్కారం కనుగొనబడింది! నిన్నటి ప్రయోగం నూటికి నూరు పాళ్ళు సఫలమైంది. స్వెట్టరు విఫలమైన చోట, హీటరు విఫలమైన చోట, మన శాఖ విజయం సాధించింది. ఇప్పుడు ఇంటింటికీ వచ్చెదము. ఏ కోడికి చలి వేయుచున్నదని తేలునో, ఆ కోడికి తక్షణమే శాశ్వత వెచ్చదనం కల్పించెదము!"

వీధి మొత్తం మెరుపులా కదిలింది. స్వెట్టర్లు గోడల మీదుగా ఎగిరిపడ్డాయి. హీటర్లు ఊకలో పూడుకుపోయాయి. విశ్వంభరరావు మొదటి పెరట్లోకి వెళ్ళేసరికి ఇంటాయన బనీనుతో నిలబడి కోడికి తాటాకు విసనకర్రతో విసురుతున్నాడు.

"సలేటి బాబూ! ఎండ మాడిపోతన్నాది. కోడికి వడదెబ్బ తగులుద్దేమోనని నా బెంగ."

పక్క పెరట్లో కోళ్ళకి మజ్జిగ పోస్తున్నారు. పక్క వీధిలో ఎర్నమ్మ తన కోళ్ళ మనోవ్యాధి తెల్లారేసరికి నయమైపోయిందని, అవి పుట్టి బుద్ధెరిగాక ఇంత హాయిగా ఎన్నడూ లేవని తల్లి మీద ఒట్టేసింది. గడ్డి మీద మంచు మెరుస్తోంది. జనం నుదుళ్ళు తుడుచుకుంటున్నారు. సన్నిబాబు చొక్కా విప్పి, "ఉస్సు, ఉస్సు" అంటూ ఆటో నీడలో కూర్చున్నాడు. చలితో అతని పళ్ళు టకటకలాడుతుంటే తాంబూలం నములుతున్నానని చెప్పాడు.

"ఎక్కడా చలి లేదు!" అన్నాడు విశ్వంభరరావు పరవశంగా. "ప్రసూనా, వ్రాయుము. ఈ ఉదయం నుండి పనసమెట్టయందు శీతాకాలం ముగిసినది."

ప్రసూన రాసింది. జనం చప్పట్లు కొట్టారు. కొట్టడం వల్ల చేతులకి కాస్త వేడి పుడుతోందని ఆపకుండా కొట్టారు.

వెనక్కి తిరిగి వెళ్తూ విశ్వంభరరావు దాలమ్మ గుమ్మం ముందు ఆగాడు. దాలమ్మ ఆ వేళే తిరిగి ఇంట్లోకి చేరింది. ఇంటికి కిటికీ తలుపులు ఇంకా లేవు. ఒంటికి దుప్పటి బిగించి చుట్టుకుని, ఒక కాలు మీద ఇంకో కాలు ఆనించి, గోడకి ఒదిగి నిలబడి ఉంది.

"అమ్మా" అన్నాడాయన ఎంతో ఆప్యాయంగా. "తమరి పుణ్యమా అని కోళ్ళ సమస్య తీరిపోయింది. ఈ మధ్యాహ్నం నుంచి పథకాన్ని సంరక్షకులకు కూడా విస్తరించెదము. తమకేమైనా చలి వేయుచున్నదా?"

పొయ్యి దగ్గర మసాలా నూరుతున్న చప్పుడు ఆగింది.

ఝాన్సీ తల్లి వైపు చూసింది. సన్నిబాబు చూశాడు. పుట్టి ఇన్నేళ్ళలో దాలమ్మని ఎవరైనా బాగున్నావా అని అడిగితే, బాగున్నానని ఒక్కసారైనా చెప్పింది లేదు. దాలమ్మ ముడుచుకున్న కాలు నేల మీద పెట్టింది. దుప్పటి విప్పి అవతల పారేసింది. కొంగుతో మెడ తుడుచుకుని, నోట్లోంచి తెల్లటి ఆవిరి మేఘంలా వదులుతూ చెప్పింది.

"నేదు బాబూ. ఉక్కపోస్తన్నాది."